వెలగని దీపమూ హెచ్చరికే
(రేడియో ప్రసంగ పాఠం)



కొత్త బండి కొన్ననాడు మనం చేసే హడావిడి ఇంతా అంతా కాదు. గుడికి తీసుకువెళ్ళి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిగాని ఇంటికి తీసుకురాం. దసరాకి మళ్ళీ కడిగి పూజ చేస్తాం. అది తప్పని నేననను. కాని ఈ రెండు పూజలకీ మధ్య ఆ బండి మనతో ఏమైనా చెబుతోందా అని చూసేవాళ్ళం ఎంతమందిమి? తాళం తిప్పగానే మీటరులో ఎరుపు, పసుపు, పచ్చ దీపాలు వెలుగుతాయే, అవి దేనికో మనలో ఎందరికి తెలుసు? "అదంతా మగవాళ్ళ వ్యవహారం" అని ఊరుకుంటాం. స్కూటరు మనమే నడుపుకుంటున్న రోజులివి. నడపనివాళ్ళం వెనక కూర్చుంటాం. మన పిల్లల్ని బడి దగ్గర దించేదీ ఆ బండే. అందుకని ఇది మన వ్యవహారమే.

నాకు ఈ సంగతి ఎలా తెలిసివచ్చిందో చెబుతాను. కిందటేడు వానాకాలంలో ఒక సాయంత్రం విజయవాడ ఏలూరు రోడ్డు మీద వస్తున్నాం. మావారు మోటారుసైకిలు నడుపుతున్నారు, నేను కూరల సంచీతో వెనక కూర్చున్నాను. ముందు ఆటో ఆగితే ఈయన బ్రేకు వేశారు. మా వెనకాలే కీచుమని చప్పుడు. తిరిగి చూద్దును కదా, కారు నా కాలికి జానెడు దూరంలో ఉంది! కారాయన దిగివచ్చి కేకలేశాడు. "ఏమండీ, మీరు బ్రేకు వేసినట్టు నాకెలా తెలుస్తుంది? మీ లైటు వెలగందే!" మావారు ఊరుకుంటారా? "వెలుగుతూనే ఉందిగా, చూడండి!" అని వెనక ఎర్రలైటు చూపించారు. ఇద్దరూ చెప్పిందీ నిజమే.

మర్నాడు మెకానిక్కు బల్బు తీసి చూపించాడు. మా బండిలాంటి వాటికి వెనక ఉండే బల్బులో రెండు తీగెలుంటాయి. ఒకటి 5 వాట్లది. లైట్లు ఉన్నంతసేపూ సన్నగా వెలుగుతుంది. రెండోది 21 వాట్లది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే భగ్గున వెలిగి, వెనక వచ్చేవాళ్ళకి "మేం ఆగుతున్నాం" అని చెబుతుంది. మాకు ఆ రెండోది తెగిపోయింది. ఎన్నాళ్ళయిందో తెలియదు. "నడిపేవాళ్ళకి కనపడదమ్మా అది. వెనకవాళ్ళ కోసం పెట్టింది" అన్నాడతను. ఆ బల్బు ఖరీదు మేం ముందురోజు కొన్న కూరలపాటి కూడా లేదు!

ఆ రోజునుంచి రెండు మాటలు గుర్తుపెట్టుకున్నాను. ఆరాల్సిన దీపం ఆరకపోతే హెచ్చరిక. వెలగాల్సిన దీపం వెలగకపోయినా హెచ్చరికే.

ముందు మీటరులో దీపాల సంగతి చూద్దాం. తాళం తిప్పగానే కొన్ని దీపాలు ఒక్కసారిగా వెలగడం మామూలే. "నేనున్నాను" అని ఒక్కొక్కటీ హాజరు పలుకుతుందన్నమాట. పచ్చది, బండి న్యూట్రల్‌లో ఉందని చెబుతుంది. నీలంది, హెడ్‌లైటు పైకి కొడుతోందని చెబుతుంది. ఎదుటివాళ్ళకి కళ్ళు చెదురుతాయి, దించుకోవాలి. ఈ రెండూ కబురు చెప్పే దీపాలు. పసుపుపచ్చ దీపం "త్వరగా చూపించు" అంటుంది. దారిలో ఎర్ర దీపం వెలిగిందంటే "ఆగు" అని అర్థం.

కొన్ని బళ్ళకి నూనె డబ్బా బొమ్మతో ఎర్ర దీపం ఉంటుంది. ఇంజను స్టార్టు కాగానే అది ఆరిపోవాలి. దారిలో వెలిగితే "ఇల్లు దగ్గరేగా" అనుకోవద్దు. పక్కకి తీసి ఇంజను ఆపించండి. ఆయిలు అందని ఇంజను, గింజలు లేకుండా తిప్పిన తిరగలిలాగా తనను తానే అరగదీసుకుంటుంది. నీళ్ళతో చల్లబడే ఇంజన్లకి వేడి చెప్పే దీపం వేరే ఉంటుంది. అది వెలిగినప్పుడు కంగారుపడి రేడియేటరు మూత తియ్యకూడదు. ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తే ఏమవుతుందో మనకొకరు చెప్పాలా?

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఆ తరవాత వచ్చిన పెట్రోలు బళ్ళలో ఇంజను బొమ్మతో పసుపుపచ్చ దీపం కనిపిస్తుంది. స్టార్టు అయ్యాక అది ఆరాలి. ఆరకపోయినా బండి నడుస్తూనే ఉంటుంది కనక నెలల తరబడి వదిలేస్తాం. మెకానిక్కు దగ్గర చిన్న యంత్రం తగిలిస్తే లోపం ఎటువైపు ఉందో తెలుస్తుంది.

ఇక ఏబీఎస్ అని రాసి ఉండే దీపం. 125 సీసీ దాటిన బళ్ళకి ఏబీఎస్, అంతకులోపు వాటికి కనీసం రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ ఉండాలని నిబంధన పెట్టారు. అది కొత్త మోడళ్ళకి 2018 ఏప్రిల్ నుంచి, మిగతా కొత్త బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి అమలయింది. ఏబీఎస్ చేసే పని ఏమిటంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా పట్టు కాస్త వదిలి, మళ్ళీ పట్టి, సెకనులో ఎన్నోసార్లు అలా చేస్తుంది. అప్పుడు చేతికో కాలికో అదురు తగులుతుంది. అది చూసి హడలిపోయి బ్రేకు వదిలెయ్యకూడదు. ఈ దీపం తాళం తిప్పగానే వెలిగి, బండి కదిలి కాస్త వేగం అందుకున్నాక ఆరుతుంది. నిలబడి ఉండగా ఆరలేదని బెంగపడనక్కర్లేదు. పోతున్నా ఆరకపోతే మాత్రం ఏబీఎస్ పనిచెయ్యడం లేదన్నమాట. మామూలు బ్రేకు పడుతుంది కాని, తడిరోడ్డు మీద చక్రం జారితే ఆదుకునేది లేదు. ఆ వెలుగు కంట్లో పడుతోందని దానిమీద స్టిక్కరు అంటించేవాళ్ళూ ఉన్నారు! పిల్లాడికి జ్వరం వస్తే థర్మామీటరు బీరువాలో దాచిపెడతామా?

ఈ దీపాలన్నిటికీ ప్రాణం బ్యాటరీలో ఉంది. హారను గొంతు బొంగురుపోయినా, సెల్ఫ్ నొక్కితే టిక్కుటిక్కుమని ఊరుకున్నా అది నీరసించిందని అనుమానించాలి. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, ఇంజను ఆపి ఉండగా సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజను నడుస్తుంటే 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. అంతకు తగ్గితే బ్యాటరీకి తిండి సరిగా అందడం లేదన్నమాట. కొలిచేది మెకానిక్కే అయినా, అంకె ఎంతని అడిగేది మనం కావచ్చు.

బ్యాటరీ తీగెల మొదళ్ళలో తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే దాన్ని ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. తాళం తీసేసి, మైనస్ తీగె ముందు, ప్లస్ తీగె తరవాత విప్పాలి. వంటసోడా కలిపిన నీళ్ళలో పాత టూత్‌బ్రష్షు ముంచి రుద్ది, తడిలేకుండా తుడవాలి. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ తరవాత. పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే మళ్ళీ త్వరగా పట్టదు. ఇండికేటరు ఉన్నట్టుండి గబగబా కొట్టుకుంటోందంటే, చాలా బళ్ళలో ఆ వైపు ఒక బల్బు పోయిందని గుర్తు. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వెయ్యాలి. సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితం చుట్టి పని జరిపించుకుంటే, తరవాత కాలేది ఫ్యూజు కాదు, వైర్లు. కొత్త ఫ్యూజు కూడా పోయిందంటే ఎక్కడో వైరు ఒరుసుకుంటోందేమో చూపించాలి.

ఇప్పుడు బ్రేకుల మాట. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని మనలో చాలామందికి భయం. సిటీబస్సు ఆగినప్పుడు అందరం ముందుకి తూలుతాం కదా? బండి ఆగేటప్పుడూ బరువంతా అలాగే ముందు చక్రం మీదికి వస్తుంది. కాబట్టి ఎక్కువ పట్టు ముందు బ్రేకుదే. రెండు బ్రేకులూ కలిపి, బండి తిన్నగా ఉన్నప్పుడు, క్రమంగా నొక్కాలి. మలుపులోనూ, ఇసుక మీదా ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టకూడదు. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. మనం చూసి, అనుకుని, బ్రేకు మీద చెయ్యి వేసేసరికే ఆ సెకను గడిచిపోతుంది. వేగం రెట్టింపయితే, బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. వెనక వచ్చే కారుకీ ఇదే లెక్క. మన బ్రేకు లైటు వాళ్ళకి ఇచ్చేది ఆ ఒక్క సెకనే.

డిస్కు బ్రేకు ఆయిలు గిన్నెకి గీత ఉంటుంది. మట్టం ఆ గీతకి దిగితే ఊరికే పోయించి వచ్చెయ్యకండి. ప్యాడ్లు అరిగాయేమో, ఎక్కడైనా కారుతోందేమో చూడమనండి. ఆ ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది, అందుకని సాధారణంగా రెండేళ్ళకొకసారి మార్పించాలి. మూతమీద ఏ రకం రాసి ఉంటే అదే పొయ్యాలి. బండి కడిగాకా, వానలో తడిశాకా మొదట నెమ్మదిగా పోతూ బ్రేకు ఒకటి రెండుసార్లు తేలిగ్గా నొక్కి చూసుకోవాలి.

చివరగా, మనవల్లే జరిగే పొరపాటొకటి ఉంది. వెనక తగిలించిన సంచీ, వేలాడే పైటకొంగు లైటుని కప్పేస్తాయి. కొంగు చక్రంలో పడే ప్రమాదం సరేసరి. సంచీ ఒళ్ళో పెట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని, హెల్మెట్టు పెట్టుకునిగాని ఎక్కకండి.

వీటన్నిటిలో రోజూ చెయ్యవలసింది అరనిమిషం పనే. తాళం తిప్పి దీపాలు చూడడం. ముందు బ్రేకు ఒకసారి, వెనక బ్రేకు ఒకసారి విడివిడిగా నొక్కి, వెనక లైటు వెలిగిందో లేదో చూడడం. రెంటికీ వేర్వేరు స్విచ్చులుంటాయి కనక ఒకటి వెలిగితే రెండోది వెలుగుతుందని నమ్మకం లేదు. ఒంటరిగా ఉంటే బండి వెనకభాగం గోడవైపు పెట్టుకోండి. మసక వెలుతురులో ఎర్ర వెలుగు గోడమీద పడుతుంది.

మా ఇంట్లో ఇప్పుడు నేను బండి వెనక నిలబడి "ముందుది నొక్కండి, ఇప్పుడు వెనకది" అంటాను. మొదట్లో మావారు విసుక్కునేవారు. ఈమధ్య నేను ఎక్కబోతుంటే ఆయనే అడుగుతున్నారు, "వెలిగిందా?" అని.