పాత కారు – పుట్టిన యేడు

ఎద్దును కొనబోవు రైతు మొదట దాని నోరు తెఱచి పండ్లు చూచును. పండ్లను బట్టి వయస్సు తెలియును. కాని పండ్లు చూచినంతనే బేరము ముగించువాడు మన యూళ్లలో ఉండడు. దానిని నడిపించి చూచును. కాడి కట్టి దున్నించి చూచును. ఏ యింట పెరిగినదో, ఎట్టి మేత తిన్నదో విచారించును. నేడు నేను చెప్పబోవునది ఎద్దుల సంగతి కాదు, పాత మోటారు కారుల సంగతి. అందును మన పల్లె దారులకు పనికిరానిది, ఇద్దరికే చోటున్నది, పైకప్పు మడిచి వెనుకకు త్రోయదగినది యగు స్పోర్ట్సు కారు సంగతి. ఇది మనకెందుకని మీరడుగవచ్చును. మన పిల్లలు దేశాంతరములలో ఉన్నారు. అట్టి బండ్లను వారు కొనుచున్నారు. కొనునప్పుడు మన సలహా నడుగుచున్నారు. నా కొడుకు నన్నడిగెను.

నేను ముప్పది యేండ్లకు పైగా మోటారు బండ్ల మరమ్మతు పనిలో గడపినవాడను. నా చిన్నవాడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. గత వేసవిలో నేనక్కడికి పోయి నాలుగు మాసములుంటిని. చేరిన మూడవనాడే వాడొక కాగితము నా చేతికిచ్చెను. దానిపై మూడు కారుల వివరములున్నవి. మూడును మాజ్దా కంపెనీ వారి మియాటా యను చిన్న కారులే. ఒకటి 1990వ సంవత్సరపుది, ఒకటి 1994, వేరొకటి 1999.

“నాన్నా, నాకు 1990 కారే కావలెనని యున్నది. మీరొక్కమాటు చూచి సరే యనుడు” అనెను.

చూచి మంచిచెడ్డలు చెప్పుమనలేదు, సరే యనుమనెను. అనగా మనస్సులో కొనుట అప్పటికే ముగిసినది. కాలేజీలో చదువుకొను దినములలో వాడు ఆ కారు బొమ్మను తన గది గోడకు అంటించుకొనియుండెను. దాని ముందు దీపములు పగలు మూసుకొని, రాత్రి కనురెప్పల వలె పైకి లేచును. ఆ దీపములే వానిని పట్టుకొన్నవి. ఆ సాయంకాలము నా కోడలు మెల్లగా నాతో, “మామయ్యగారూ, ఇది రెండేండ్లుగా దాచిన సొమ్ము. కారు చెడ్డదైనచో మరల కొనుట మా వలన కాదు” అనెను. ఆ మాటతో పని కొంత బరువెక్కినది.

ముందుగా ఈ కారు చరిత్ర కొంచెము చెప్పవలెను. మాజ్దా జపాను దేశములోని హిరోషిమా ప్రాంతపు కంపెనీ. ఈ కారును 1989వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో చికాగో ప్రదర్శనమున లోకమునకు చూపిరి. అమెరికాలో 1990 మోడలుగా అమ్మిరి. ఇంగ్లండువారు ఒకప్పుడు చేయుచుండిన రెండు కూర్చీల తేలిక కారుల పద్ధతినే పట్టి, ఆ కారులకున్న చమురు కారుట, దారిలో నిలిచిపోవుట మున్నగు బాధలను తగ్గించిరి. జనము విశేషముగా ఆదరించిరి. 2016వ సంవత్సరము ఏప్రిలులో పదిలక్షలవ కారు తయారైనది. ఇద్దరు కూర్చుండు స్పోర్ట్సు కారులలో ఇంతగా అమ్ముడుపోయినది వేరొకటి లేదు.

అన్నియు నొక్క పేరు గలవే. కాని అన్నియు నొక్కటి కావు. 1990 కారు ఇంజను 1,597 ఘనసెంటీమీటర్లది, 116 అశ్వశక్తి గలది. 1994లో 1,839 ఘనసెంటీమీటర్ల ఇంజను పెట్టిరి. శక్తి 128 ఐనది. బ్రేకులు పెద్దవి చేసిరి. బండి చట్రమునకు బిగువు హెచ్చించిరి. 1999లో శరీరమునే మార్చిరి. శక్తి 140 ఐనది. వెనుక కిటికీకి ప్లాస్టిక్కునకు బదులు గాజు వచ్చినది. లేచు దీపములు పోయి, కదలని దీపములు వచ్చినవి. నా కుమారునికి ఆ 1999 కారు మీద చిన్నచూపు కలుగుటకు ఈ కడపటి మార్పే కారణము.

ఇక పుట్టుకతో వచ్చిన లోపములు. 1990లోను, 1991 కొంతకాలము వరకును చేసిన ఇంజనులలో క్రాంకు షాఫ్టు ముందుకొన పొట్టిది. అక్కడ పుల్లీని పట్టియుంచు పెద్ద బోల్టును తగినంత బిగింపకున్నచో, లోపలి కీ కదలి, అది కూర్చున్న గాడిని తినివేయును. అప్పుడు ఇంజను కాలము తప్పును, శక్తి సన్నగిల్లును, తుదకు షాఫ్టునే మార్చవలసి వచ్చును. 1991లో ఆ కొనను పొడుగు చేసి ఈ లోపమును సవరించిరి. పుల్లీ ముఖమున నాలుగు చీలికలున్నచో పొట్టికొన, ఎనిమిదున్నచో పొడుగుకొన అని గుర్తు. పొట్టికొన ఇంజనులన్నియు చెడునని కాదు. చాల బండ్లు నేటికిని నడచుచున్నవి. కాని టైమింగు బెల్టు మార్చినప్పుడెల్ల ఆ బోల్టును విప్పి మరల బిగింపవలెను. బెల్టునో 60,000 మైళ్లకు, అనగా సుమారు 96,000 కిలోమీటర్లకు, ఒకసారి మార్చవలెను. కావున ఆ బోల్టును కడపట బిగించిన చేయి ఎవ్వరిదో తెలియుట ముఖ్యము.

సంవత్సరమును అమ్మువాని నోట వినరాదని నేను నేర్చుకొన్నది నా సొంత నష్టము వలన. యౌవనమున నేనొక పాత లారీ కొంటిని. దళారి చెప్పినది రిజిస్టరు చేసిన యేడు. బండి తయారైనది అంతకు రెండేండ్ల ముందు. ఆ రెండేండ్లును అది వానలో, ఎండలో నిలిచియుండి లోలోపల తుప్పుపట్టినది. ఏడాది తిరుగక మునుపే చట్రము విరిగినది. నా భార్య గాజులు అమ్మి ఆ అప్పు తీర్చితిని. నాటినుండి కాగితముకంటె ముందు లోహముపై కొట్టిన అంకెను చదువుట నాకలవాటైనది.

అమెరికాలో 1981వ సంవత్సరము మోడళ్లు మొదలు ప్రతి కారునకును పదునేడు అక్షరముల సంఖ్య యున్నది. అది ముందు అద్దము క్రింద, డ్రైవరు వైపున, బయటినుండియే కనబడును. అందులో పదియవ అక్షరము మోడలు సంవత్సరమును తెలుపును. 1990కి ఎల్, 1994కి ఆర్, 1999కి ఎక్స్. ఇంకొక చిత్రము: ఆ దేశమున ఈ కారునకు 1998 మోడలే లేదు. 1997 తరువాత 1999. కావున అక్కడ ఎవ్వడైన తనది 1998 మియాటా యని చెప్పినచో, పదియవ అక్షరము చూచువరకు బేరమాడరాదు.

ముగ్గురు యజమానులకును ఒక్కటే మాట ముందుగా చెప్పించితిని: మేము వచ్చువరకు ఇంజను వేడిచేయవలదని. చల్లని ఇంజను నిజము చెప్పును. వేడి ఇంజను తన రొదను కొంత దాచుకొనును.

1990 కారు వద్దకు మొదట పోయితిమి. ఎఱ్ఱని రంగు, దీపములు లేచినవి, నా కుమారుని ముఖము చిన్నపిల్లవాని ముఖమైనది. ప్రక్కన కూర్చుండి నాలుగు మైళ్లు పోయితిని. నిజము చెప్పవలెనన్న నాకును ముచ్చట కలిగినది. కాని మేము వచ్చుసరికే ఇంజను వేడెక్కియుండెను. పుల్లీకి నాలుగు చీలికలు. బెల్టు ఎప్పుడు, ఎవ్వరు మార్చిరని యడిగితిని. యజమానికి తెలియదు, కాగితములు లేవు, వేరొక మెకానిక్కునకు చూపుటకు ఇష్టపడలేదు. ఇంకొక సంగతి గలదు. ప్రమాదము జరిగినప్పుడు మనిషిని కాచు గాలిసంచి ఆ యేటి కారులో డ్రైవరుకు మాత్రమే యున్నది. ప్రక్కవారికి 1994 నుండియే పెట్టిరి. ఆ ప్రక్క కూర్చీలో కూర్చుండునది నా కోడలు.

తిరిగి వచ్చుచుండగా వాడు చాలసేపు మాటాడలేదు. తుదకు, “మీరు లోపములే చూచితిరి, నాన్నా” అనెను. “నిజమే. నీవు గోడమీది బొమ్మను చూచితివి. ఇద్దరమును కారును చూడవలెను” అంటిని. ఆ రాత్రి వాడు భోజనమునకు ఆలస్యముగా వచ్చెను.

1994 కారు పుట్టుకలో మేలైనది. లేచు దీపములును, రెండు గాలిసంచులును, పెద్ద ఇంజనును గలది. అదియే కుదురునని నేనును తలచితిని. కాని తలుపు క్రింద గడప వలె నుండు భాగమున అయస్కాంతము పెట్టితిని. ముందు అంటుకొన్నది; వెనుక చక్రము దగ్గర జారిపోయినది. అక్కడ ఇనుము లేదు, పుట్టీ పూసి రంగు వేసిరి. ఈ కారు పైకప్పుపై పడిన వాననీరు కూర్చీల వెనుక గొట్టముల గుండ దిగి, వెనుక చక్రముల ముందు బయటికి పోవలెను. ఆకులు చేరి గొట్టము మూసికొన్నచో నీరు ఆ గడపలోనికి చేరి తుప్పు పుట్టించును. దానికి తోడు ఒహాయోలో చలికాలమున మంచు కరగుటకు దారులపై ఉప్పు చల్లుదురు. సముద్రతీరమున ఇనుప తలుపు గతి మనకు తెలియనిదా? మంచి యేట పుట్టిన కారే. కాని దానిని పెంచినవారు పట్టించుకొనలేదు.

1999 కారు వద్దకు నా కుమారుడు నిరుత్సాహముతోనే వచ్చెను. యజమాని వృద్ధుడు. ఇంజను చల్లగా నున్నది. ఆయన ఒక లావుపాటి కాగితముల కట్ట బల్లపై పెట్టెను. నూనె మార్చిన ప్రతి తేదీ యున్నది. బెల్టు మార్చిన రసీదు ఉన్నది. ఆ తరము కారులకు చట్రము ముందుభాగపు క్రింది కమ్ములు తుప్పుపట్టు గుణము కలదు గనుక, బండిని పైకెత్తించి సుత్తిపిడితో తట్టి చూచితిని, గట్టిగా పలికినవి. 1996 మోడలు మొదలు అమెరికాలోని కారులన్నిటికిని లోపములను అంకెలలో చెప్పు ఒకే రీతి అమరిక యున్నది. దానికి యంత్రము తగిలించి చూచితిమి. ఏ లోపమును చూపలేదు. తనకు చూపు మందగించుటచే అమ్ముచున్నానని ఆయన చెప్పెను.

“దీపములు లేవు కదా” అని నా కుమారుడు నాతో తెలుగున మెల్లగా ననెను. “లేవు. సొమ్ము నీది, నడుపువాడవు నీవు. నేను చూచినది చెప్పితిని” అంటిని. వాడు ఆ యొక్క రాత్రి ఆలోచించుకొని, మరునాడు 1999 కారునే కొనెను. మొదటి ఆదివారము కోడలిని కూర్చుండబెట్టుకొని పోయి, చీకటిపడిన తరువాత వచ్చెను. దీపముల మాట మరల నెత్తలేదు. గోడమీది బొమ్మ మాత్రము దాచియే యుంచినాడని కోడలు చెప్పెను. అందు తప్పేమియు లేదు.

పెద్దలారా! సంవత్సరము బండి పుట్టుకను మాత్రమే చెప్పును. ఏ లోపమునకై వెదకవలెనో అది చూపును. అంతవరకే దాని యుపయోగము. ఆ బండి ఎట్లు బ్రతికినదో చెప్పునవి కాగితములు, చల్లని ఇంజను, అయస్కాంతము. మీ యింట పాత ట్రాక్టరు బేరమునకు వచ్చినను ఇదియే వరుస. రిజిస్ట్రేషను పత్రములో రిజిస్టరు చేసిన తేదీ ఒకటి, తయారైన నెలయు సంవత్సరమును వేరొకటి యుండును. రెండును చదువుడు, చట్రముపై కొట్టిన సంఖ్యతో సరిచూడుడు, పిదప పెంపకము విచారింపుడు. ఆ బండిలో ఎవ్వరు కూర్చుందురో తలచుకొని, అటుపిమ్మట ధర మాటాడుడు.