జాడీలో ఉప్పు



మూడేళ్ల క్రిందట మావారికి రక్తపోటు ఉందనీ, ఉప్పు తగ్గించమనీ డాక్టరుగారు చెప్పారు. ఆ వేసవిలో నేను తెలివి ఉపయోగించి ఆవకాయలో ఉప్పు సగానికి సగం కోసేశాను. శ్రావణమాసంలో వాసెన విప్పి చూద్దును గదా, పైన తెల్లటి బూజు, అదోరకం వాసన! ఇరవై కాయల పచ్చడి, గుంటూరు కారం, నువ్వులనూనె అన్నీ పెంటపాలు. "ఉప్పు దగ్గర పిసినారితనం పనికిరాదే అమ్మాయ్" అని మా అత్తగారు ఊరుకున్నారు. ఎందుకు పనికిరాదో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. చదివింది మెట్రిక్కే అయినా, మా అబ్బాయి కాలేజీ పుస్తకాలు ముందేసుకు కూర్చున్నాను.

బాక్టీరియా అంటే ఒకే ఒక్క కణం. దాని చుట్టూ పలచని కొవ్వు పొర ఉంటుంది. ఆ కొవ్వు అణువులకు తలా, తోకలూ ఉంటాయి. తలలు నీటివైపు, తోకలు లోపలికి తిప్పుకుని రెండు వరసలుగా నిలబడతాయి. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు బయటకు లాగేస్తుంది. మాగాయ ముక్కలు ఊట వదలటం చూస్తూనే ఉన్నాంగా! దానికితోడు పొర కుదురు కూడా చెడుతుంది. అప్పుడు చాలా బాక్టీరియాలు పొరలోని పాళ్లు మార్చుకుంటాయి. ఋణ విద్యుత్తు ఉన్న తలల కొవ్వులు పెంచుకుంటాయి.

అందులో కార్డియోలిపిన్ అని ఒకటుంది, నాలుగు తోకలది. 1942లో దాన్ని ఎద్దు గుండెలోంచి వేరుచేసింది మేరీ పాంగ్‌బార్న్ అనే అమెరికా ఆవిడ. గుండెలో దొరికింది గనుక ఆ పేరు. మన చేతులమీదా, ముక్కులోనూ ఉండే స్టాఫిలోకాకస్ ఆరియస్ ఉప్పులో పడితే దీన్నే పెంచుకుంటుంది. నూటికి పది పాళ్లు ఉప్పున్నా పెరగగల ఘటం అది. పచ్చడి కలిపే చెయ్యి కడిగి ఆరబెట్టుకోమనడం ఉత్త చాదస్తం కాదన్నమాట.

అంతకన్నా ఘనులున్నారు. చినగంజాం ఉప్పు మళ్లు మనకు తెలిసినవే. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. సముద్రపు నీట్లో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. మడిలో ఉప్పు పేరుకునే వేళకు అది దాదాపు పదింతలకు చేరుతుంది. అలాటి నీరు ఒక్కోచోట గులాబీరంగు తిరుగుతుంది. ఆ రంగు ముఖ్యంగా హాలోఆర్కియా అనే జీవులది. చూడ్డానికి బాక్టీరియాలాగే ఉన్నా ఇవి వేరే తెగ. వీటి కొవ్వుల్లో తలకూ తోకకూ మధ్య ముడే వేరు, మహా గట్టిది. విచిత్రమేమిటంటే, వీటిలో చాలావాటిని మంచినీళ్లలో వేస్తే ఒళ్లు పగిలి చచ్చిపోతాయి!

సరే, మన జాడీ దగ్గరకు వద్దాం. పొర ఎంత మార్చుకున్నా ప్రతి జీవికీ ఒక హద్దుంది. ఉప్పు ఆ హద్దు దాటితే అది పెరగలేదు. బూజు బాక్టీరియా కాదు గాని, హద్దు దానికీ ఉంది. నేను సగం ఉప్పు వేసి ఆ హద్దుకు ఇవతలే ఆగిపోయాను. మామిడి పులుపూ, పైన తేలే నూనే సాయపడతాయి నిజమే, కాని ఉప్పు పని అవి చెయ్యలేవు. తడి గరిటె పెట్టినా ఇదే తంటా. బొట్టు పడినచోట ఉప్పు పలచబడుతుంది.

మరి రక్తపోటో అంటారా? ఈ ఏడు జాడీలో ఉప్పు తగ్గించలేదు, ఆయన కంచంలో తగ్గించాను. ఆవకాయ వారానికి రెండుసార్లే, ఒక్క చిన్న ముక్క. ఆ పూట పప్పులోనూ, మజ్జిగలోనూ ఉప్పు వెయ్యను. మొదట్లో గొడవచేశారు. ఇప్పుడు ఆ ఒక్క ముక్కనే టెంక దాకా చీకుతూ అరగంట కూర్చుంటున్నారు.

సెలవు.