భోజనహోటలు తెరువబోయే మనవారికి



పండుగపూట కాగితాల సంగతి కొందరికి చేదుగా తోచవచ్చును. ఉగాది పచ్చడిలో వేపపూత కూడ ఉన్నది గదా!

బెంగుళూరులో తెలుగువారి భోజనహోటలనగానే అరటియాకు, కందిపొడి, నెయ్యి, గోంగూర జ్ఞప్తికి వచ్చును. వంటలో మనకు లోటు లేదు. చిక్కంతయు పనుల వరుసలోనే వచ్చుచున్నది. మనవారు పలువురు ముందుగా అడ్వాన్సు కట్టి, పొయ్యిలు పెట్టించి, ఆపైన లైసెన్సుకు బయలుదేరుదురు. ఆ భవనము నివాసమునకే మంజూరైనదని అప్పుడు తెలిసినచో, ఊళ్లో పొలమమ్మి తెచ్చిన సొమ్ము ఏమి కావలెను?

కనుక మా మొదటి మనవి ఇది. అడ్వాన్సు ఇచ్చుటకు ముందే, అక్కడ హోటలు నడుప వీలున్నదా అని నగరపాలక కార్యాలయములో విచారింపుడు. పొగగొట్టమునకు, మురుగునీటికి, నిప్పంటుకొన్నప్పుడు బయటపడు దారికి తావున్నదా చూడుడు. బాడుగ పత్రము మీ పేర వ్రాయించుకొనుడు. దరఖాస్తులన్నిటికి అదే మూలము.

రెండవది ఆహార లైసెన్సు. 2006 నాటి ఆహారభద్రతా చట్టము ప్రకారము తోపుడుబండి మొదలు పెద్ద హోటలు వరకు రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండితీరవలెను. దరఖాస్తును ఆన్‌లైనులో స్వయముగా పెట్టుకొనవచ్చును. ఏజెంటు సాయము తీసికొన్నను ఫోను నంబరు మాత్రము మీదే ఇయ్యుడు; లేనిచో నోటీసులు అతనికి చేరును, జరిమానా మీకు చేరును. లైసెన్సునకు గల 14 అంకెల సంఖ్యను 2022 జనవరి 1 నుండి బిల్లుపై అచ్చువేయవలెను. నీటిని పరీక్ష చేయించుడు. పనివారికి ఏటేటా వైద్యపరీక్ష జరిపించి పత్రములు దాచుడు. మరగిన నూనె విషయములో జాగ్రత్త: అందులో పుట్టు పోలార్ పదార్థములు నూటికి 25 పాళ్లు మించినచో వాడరాదని 2018 జూలై నుండి నిబంధన గలదు. నిన్న వడలు వేగిన నూనెలో నేడు పూరీలు వేయుట పొదుపు కాదు.

వంటగదిలో ఇంటి సిలిండరు వాడరాదు. వాణిజ్య సిలిండరే తీసికొనవలెను.

ఊరినుండి బంధువుల పిల్లవానిని ప్లేట్లు కడుగుటకు తెచ్చుకొను అలవాటు మనలో ఉండెడిది. 14 ఏండ్లు నిండనివారిని హోటళ్లలో పనికి పెట్టుట 2006 అక్టోబరు 10 నుండియే నిషిద్ధము. ఆ బిడ్డను బడికి పంపుడు.

ఇక నామఫలకము. 2024 నాటి కర్ణాటక సవరణ చట్టము ప్రకారము దానిపై నూటికి 60 పాళ్లు కన్నడము ఉండవలెను. మనకు అన్నము పెట్టుచున్న నేల భాషకు పెద్దపీట వేయుట న్యాయమే. మిగిలినచోట మన తెలుగక్షరములును వెలుగును.

కొత్తగా హోటలు తెరువదలచినవారు అడ్వాన్సు ఇయ్యకముందే, అనుభవము గల మనవారిని ఒకసారి కలిసికొనుడు. ఒక పూట మాట్లాడినందున జీవితకాలపు కూడిక నిలుచును.