ఇంప్లాంట్ పన్నుకు క్లీనింగ్ ఎలా చేస్తారు?

ఇంప్లాంట్ పన్ను పుచ్చిపోదు, నిజమే. కానీ దాని చుట్టూ చిగురు వాయవచ్చు, కింద ఎముకా కరిగిపోవచ్చు. సొంత పన్నును ఎముకకు పట్టి ఉంచే సన్నని నారలు ఇంప్లాంట్‌గా బిగించే టైటానియం స్క్రూకి ఉండవు. అందుకే పాచి లోపలికి దిగితే నష్టం తొందరగా జరుగుతుంది. నొప్పి మాత్రం చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

మామూలు పళ్ల గార గీకే స్టీలు పరికరం ఇక్కడ వాడితే టైటానియం మీద గీతలు పడతాయి. ఆ గరుకులో పాచి మరింత పేరుకుంటుంది. అందుకని ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్, లేదా టైటానియంతోనే చేసిన గీకే పరికరాలు (క్యూరెట్లు) వాడతారు. అల్ట్రాసోనిక్ మెషీన్ అయితే కొనకు ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. నేను ఎక్కువగా మెచ్చేది ఎయిర్ పాలిషింగ్‌ని. గాలి, నీళ్లతో కలిపి గ్లైసిన్ లేదా ఎరిత్రిటాల్ పొడిని చిమ్ముతారు. ఎరిత్రిటాల్ రేణువు సుమారు 14 మైక్రాన్లే. పాచిని వదిలిస్తుంది, లోహాన్ని పెద్దగా గీరదు.

వాపు చిగురు దాకానే ఉంటే సాధారణంగా క్లీనింగ్‌తో తగ్గుతుంది. ఎముక కరిగాక అదొక్కటే చాలకపోవచ్చు, చిగురు తెరిచి శుభ్రం చేయాల్సి రావచ్చు. బ్రష్ చేసేటప్పుడు అక్కడ రక్తం కనిపిస్తే డాక్టరుకు చూపించడం దయచేసి వాయిదా వేయకండి. షుగరున్నవాళ్లు, పొగ తాగేవాళ్లు క్లీనింగ్‌కు ఎన్ని నెలలకోసారి రావాలో డాక్టరునే అడిగి రాయించుకోండి.