అంగడి మూసిననాడు ఆసుపత్రి తెరువవలెను



మత్తుపదార్థములన్నంతనే, అవి యెక్కడనో మహానగరములలోని ధనికుల బిడ్డల వ్యసనములని మనము నిశ్చింతగా నుందుము. ముండ్లమూరు వాసుల కా నిశ్చింత తగదు. మన దర్శి ప్రాంతముననే యున్న కురిచేడులో 2020 జూలై మాసాంతమున జరిగిన ఘోరము మరువరానిది.

కరోనా వ్యాపించుటచే అచ్చటి మద్యపు దుకాణములు మూయబడెను. త్రాగుడునకు బానిసలైనవారు చేతులు శుభ్రపరచుకొను శానిటైజరును కొని, నీటితోను శీతలపానీయములతోను కలిపి త్రాగిరి. కొలదిదినములలో పదిమందికి పైగా మరణించిరి. వారిలో గుడియొద్ద బిచ్చమెత్తుకొని బ్రదుకువారును గలరు.

మూర్ఖులు, త్రాగి చచ్చిరని కొందరనిరి. ఆ మాట న్యాయము గాదు. ఏండ్లతరబడి త్రాగినవాని మెదడు ఆ మత్తునకే అలవడిపోవును. అది హఠాత్తుగా అందకున్నచో చేతులు వణకును, నిద్ర పట్టదు, లేనివి కనబడును, మూర్ఛలు వచ్చును; ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. ఇది వ్యాధి. వ్యాధిగ్రస్తుడు విచక్షణ గోల్పోయి, దొరకినదెల్ల త్రాగును. అందు మిథైల్ ఆల్కహాలున్నచో, అది దేహములో ఫార్మిక్ ఆమ్లముగా మారి కన్నులను, పిదప ప్రాణమును హరించును.

ఆ యేడు మే మాసముననే ప్రభుత్వము, త్రాగుడు తగ్గింపవలెనని మద్యపు ధరలను 75 శాతము పెంచియుండెను. ధర పెరిగెను, దుకాణము మూతపడెను. దాహము మాత్రము తీరలేదు.

తెలంగాణమునను 2015లో ఇట్టిదే జరిగెను. నిద్రమాత్రలలో వాడు ఆల్‌ప్రజోలము వంటి మందులు కలిపిన కల్తీకల్లును అధికారులు అరికట్టిరి. అరికట్టుట మంచిదే. కాని ఆ కల్లునకు అలవడిన బీదలు వణకుచు, పిచ్చివారివలె ప్రవర్తించుచు వైద్యశాలలకు జేరిరి. వైద్యుడు చీటిపై వ్రాయవలసిన మందు, తాము త్రాగు కల్లులో నున్నదని వారిలో నెందరెరుగుదురు?

నేను నిషేధమును నిందించుటలేదు. మత్తుపానీయములను, ఆరోగ్యమును చెరచు మాదకద్రవ్యములను నిషేధింప యత్నింపవలెనని రాజ్యాంగపు 47వ అధికరణము ఆదేశించుచున్నది. దూబగుంట స్త్రీల యుద్యమము ఫలితముగా 1993లో సారాయి నిషేధమును, 1995లో మద్యనిషేధమును వచ్చెను. 1997లో మద్యనిషేధము సడలింపబడెను. అంగడికి తాళము వేయుట సగము పనియే. త్రాగుబోతునకు చికిత్స చేయుట తక్కిన సగము. ఈ రెండవ సగమును ఉపేక్షించినందుననే కురిచేడులో కాటికి దారి యేర్పడినది.

కావున, దుకాణము మూయుడని యధికారులను గోరునప్పుడే, ఆనాటినుండి సమీప ప్రభుత్వ వైద్యశాలలో వ్యసనమునకు మందును, పడకయు నుంచుడని కోరుడు. మందుల దుకాణదారులారా! వైద్యుని చీటి లేనిదే నిద్రమాత్రలను, నొప్పిమాత్రలను అమ్మకుడు. ట్రామడాలు అను నొప్పిమందు 2018లో మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తేబడుటకు కారణము దాని దుర్వినియోగమే. తల్లులారా! బిడ్డ వ్యసనమును పరువు పోవునని దాచకుడు; గదిలో బంధింపకుడు; దర్శికో ఒంగోలుకో వైద్యునికడకు కొనిపొండు. ఊరక సలహా నొసగుటకు 14446 అను టెలిఫోను సంఖ్య గలదు. దానిని ఈ పఠనమందిరపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయుడు.

అంగళ్లు మరల నెప్పుడైన మూతపడవచ్చును. ఆనాడు మన పొరుగువాడు ఏ తలుపు తట్టవలెనో నేడే నిర్ణయింపుడు.