40 ఇళ్ళకు ఒక లైను
(ప్రసంగ పాఠం)



కోలారు, చిత్తూరు ప్రాంతాల నుండి బెంగళూరుకు తరలివచ్చిన తెలుగు కుటుంబాలలోని పెద్దలకు నీరుగంటి అన్న మాట కొత్త కాదు. చెరువు తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూడడం అతని పని. తూము దగ్గరి రైతు కాలువను తన పొలానికే మళ్ళించుకుంటే ఆయకట్టు చివరి పొలం ఎండిపోతుంది. నగరంలో ఇంటింటికీ ఇంటర్నెట్టు పంచే రౌటరు చేయవలసినదీ ఆ నీరుగంటి పనే.

ఉదాహరణకు, ఒక వీధిలోని 40 ఇళ్ళకు కలిపి సెకనుకు 200 మెగాబిట్ల లైను ఉందనుకోవచ్చు. ఏ హద్దూ లేకపోతే రౌటరు ముందు వచ్చిన దానిని ముందు పంపుతుంది. ఒక ఇంటిలో ఫైళ్ళు దించుకొనే ప్రోగ్రాము ఒకేసారి వందల కనెక్షన్లు తెరిస్తే, లైనులో అధిక భాగం ఆ ఇంటికే పోతుంది. పక్కింటి విద్యార్థి ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో నిలిచిపోతుంది. ఊరిలోని తల్లిదండ్రులతో మాట్లాడుతున్న భవన కార్మికుని వీడియో కాల్ తెగిపోతుంది. కనుక కనెక్షన్ల లెక్కన కాక చందాదారుల లెక్కన పంచడమే న్యాయం.

అందరికీ సమానంగా 5 మెగాబిట్ల చొప్పున కోసి ఇవ్వడం ఒక పద్ధతి. అయితే అర్ధరాత్రి 30 ఇళ్ళు నిద్రపోతున్న వేళ కూడా మేలుకొన్న ఇంటికి 5 మెగాబిట్లే దక్కితే మిగిలినదంతా వృథా. అందుచేత ప్రతి చందాదారుకూ రెండు అంకెలు నిర్ణయించడం మేలు. మొదటిది హామీ వేగం: రద్దీ ఎంత ఉన్నా అది దక్కాలి. రెండవది గరిష్ఠ వేగం: లైను ఖాళీగా ఉన్నా దానిని దాటరాదు. హామీల మొత్తం లైను సామర్థ్యాన్ని మించితే ఆ హామీ కాగితం మీదనే మిగులుతుంది.

ఈ హద్దును రౌటరు అమలుపరచే తీరు సులభంగానే బోధపడుతుంది. ప్రతి చందాదారు పేర ఒక కుండ ఉన్నదనీ, అందులో నిర్ణీత వేగంతో అనుమతి బిళ్ళలు పడుతున్నాయనీ ఊహించాలి. డేటా ముక్క ముందుకు సాగాలంటే దాని పరిమాణానికి తగినన్ని బిళ్ళలు ఖర్చు కావాలి. కాసేపు ఊరకున్న వారి కుండ నిండి ఉంటుంది గనుక వారికి వెబ్ పేజీ చటుక్కున తెరుచుకొంటుంది. సినిమా దించుకొనే వారి కుండ త్వరలోనే ఖాళీ అయి, వేగం హద్దుకు దిగుతుంది. బిళ్ళలు లేని ముక్కలను కొన్ని రౌటర్లు పారవేస్తాయి, మరికొన్ని వరుసలో నిలుపుతాయి. ఆ వరుస మరీ పొడవైతే ఫోనులో మాట ఆలస్యంగా చేరుతుంది. అందువల్ల వరుసకూ పరిమితి అవసరం.

దిగుమతి వేగానికే కాక, పంపే వేగానికి కూడా హద్దు ఉండాలి. ఒక ఇల్లు వీడియోలు ఎక్కిస్తూ పైకి వెళ్ళే దారిని నింపివేస్తే అందరి దిగుమతీ మందగిస్తుంది. డేటా అందినట్లు తెలిపే రసీదులు వెళ్ళవలసినది ఆ దారినే.

2018 జులైలో కేంద్రం ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ సూత్రాలు సహేతుకమైన రద్దీ నిర్వహణను అనుమతిస్తాయి. ఒక వెబ్‌సైటును మందగింపజేసి మరొకదానికి పెద్దపీట వేయడాన్ని అనుమతించవు. 2023లో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనంలోని కనీస దిగుమతి వేగం 512 కిలోబిట్ల నుండి 2 మెగాబిట్లకు పెరిగింది.

కనెక్షన్ తీసుకొనే ముందు చందాదారు మూడు సంగతులు అడిగి, వ్రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది: రద్దీ వేళ హామీ వేగం ఎంత, పంపే వేగం ఎంత, నెలవారీ డేటా పరిమితి దాటాక మిగిలే వేగం ఎంత. ఫిర్యాదు చేసే ముందు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ప్లానులో వేగం బిట్లలో ఉంటుంది. ఫైలు దిగే వేగం తరచు బైట్లలో కనిపిస్తుంది. ఒక బైటుకు 8 బిట్లు. 40 మెగాబిట్ల ప్లానులో సెకనుకు 5 మెగాబైట్లు దిగుతూ ఉంటే చందాదారుకు రావలసిన వంతు పూర్తిగా వస్తున్నట్లే. అంతకన్న బాగా తక్కువైతే, రౌటరుకు తీగతో కలిపి మరొకసారి కొలిచి, ఆ అంకెతోనే ప్రశ్నించాలి.