మదనపల్లెలో రవీంద్రుని విడిది



1919వ సంవత్సరమున ఫిబ్రవరి మాసాంతమున, దక్షిణదేశ పర్యటనమున అలసిన రవీంద్రనాథ ఠాకూరు విశ్రాంతికై మదనపల్లెలోని థియసాఫికల్ కళాశాలకు అతిథిగా విచ్చేసిరి. పంచాంగము ననుసరించి అది యింకను మాఘమాసమే. చైత్రమునకు నెలదినములు కొఱత. కాని మామిడి పంచాంగమును చూచి పూయదు గదా!

కళాశాలాధ్యక్షులు జేమ్స్ కజిన్స్, ఐర్లండు దేశపు కవి. విద్యార్థులును ఉపాధ్యాయులును వారమున కొకమారు కూడి పాడుకొను వాడుక అచట నుండెను. అట్టి కూటమున నొకనాడు అతిథియే తాను రచించిన వంగగీతము ‘జనగణమన’ నాలపించిరి. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాడబడిన గీతమే యది. భాష రాకున్నను వినినవారు మరల మరల పాడించుకొని, తుదకు ‘జయహే’ యనుచోట తామును గొంతు కలిపిరి.

అధ్యక్షుని భార్య మార్గరెట్ కజిన్స్ సంగీత పట్టభద్రురాలు. ఆమె యా పాటకు పాశ్చాత్య పద్ధతిని స్వరములు వ్రాసెను. ఫిబ్రవరి 28న రవీంద్రులు దానిని స్వయముగా ఆంగ్లీకరించిరి. నోటిమాటమీద నడచు పొలముగట్టు ఏనాటికైనను తగవున పడునని రైతు లెఱుగుదురు. నోట నిలిచిన పాటకును ఆ భయమే కలదు. ఆ భయము అచట తీరినది.

ఆ యేటి వేసవి మాత్రము ప్రశాంతముగా గడువలేదు. ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగున నెత్తురు పాఱెను. మదనపల్లెకు ‘సర్’ బిరుదముతో వచ్చిన కవి, మే 31న రాజప్రతినిధికి లేఖ వ్రాసి దానిని త్యజించిరి.

1950 జనవరి 24న ఆ గీతము జాతీయగీతమైనది. మదనపల్లె కళాశాల దానిని అంతకు ఎంతో ముందే తన ప్రార్థనగీతముగా చేసికొని యుండెను.